కెమెరా బరువు తలకే తెలుసు!

ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడట. ఫొటోగ్రఫీలో ఈ పని చాలామంది చేస్తుంటారు. కెమెరాకీ, లెన్సుకీ వెనకాడకుండా ఖర్చు పెడతారు. స్టాండు దగ్గరికి వచ్చేసరికి 'ఏదో ఒకటి ఇవ్వవయ్యా' అంటారు. ఇక ఆ స్టాండు మీద ఉండి కెమెరాని పట్టుకునే హెడ్ సంగతి అడిగేవాళ్లే తక్కువ. చేతిలో ఇమిడే చిన్న కెమెరాకైతే ఈ పొదుపు చెల్లిపోతుంది. మూడు కిలోల మీడియం ఫార్మాట్ కెమెరా దగ్గర మాత్రం చెల్లదు.

ఈ వారం ఈ సంగతి ఎత్తుకోడానికి తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఉత్తరం కారణం. రాసినావిడ నాన్నగారు చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. స్టూడియో మూతపడినా ఆయన మామియా ఆర్‌బీ67 కెమెరా బీరువాలో భద్రంగా ఉంది. తాతలనాటి మండువా ఇల్లు వాటాల్లో పోయింది. వచ్చే వేసవికి పడగొడతారట. ఆలోగా ఆ ఇంటినీ, ఇంటి అరుగు మీద కూర్చున్న అమ్మానాన్నల్నీ అదే కెమెరాతో ఫిల్ము మీద తీసి దాచుకోవాలని ఆవిడ కోరిక. ఇంట్లో ఉన్న స్టాండు మీద పెడితే కెమెరా మెల్లమెల్లగా ముందుకి వాలిపోతోంది. దుకాణంలో అడిగితే 'పది కిలోలు మోస్తుందండీ' అని ఒక బాల్ హెడ్ చూపించారు. 'కొనమంటారా?' అన్నది ప్రశ్న.

కాస్త ఆగమనే మన జవాబు. ఎందుకో చూద్దాం.

బిందె లెక్క

ఆర్‌బీ67 1970లో వచ్చిన కెమెరా. బాడీ, మామూలు లెన్సు, ఫిల్ము పెట్టే వెనక భాగం, పైనుంచి తొంగిచూసే ఫైండరు అన్నీ కలిపితే రెండున్నర కిలోలకి పైనే. ఫైండరు తీసి ప్రిజం పెడితే మూడు కిలోలు దాటుతుంది. బరువు సంగతి సరే, అసలు చిక్కు ఆ బరువు ఎక్కడ ఉందన్న దాంట్లో ఉంది.

నీళ్లబిందె చంకన పెట్టుకుని వీధి చివరిదాకా నడిచేస్తాం. అదే బిందెని చెయ్యి బారచాపి పట్టుకోమంటే పది అంకెలు లెక్కపెట్టేలోగా భుజం లాగేస్తుంది. బిందె మారలేదు, నీళ్లు మారలేదు. ఒంటికీ బిందెకీ మధ్య దూరం మారిందంతే. కెమెరా కూడా అలాగే. నిటారుగా ఉన్నప్పుడు దాని బరువు తిన్నగా కాళ్లలోకి దిగిపోతుంది. ముందుకి వంచామా, ఆ బరువు హెడ్‌ని మెలిపెట్టడం మొదలెడుతుంది.

చిన్న లెక్క వేద్దాం. హెడ్ కీలు నుంచి కెమెరా బరువు కేంద్రం 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 30 డిగ్రీలు వంచితే ఆ కేంద్రం 5 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. పూర్తిగా 90 డిగ్రీలు పడుకోబెడితే 10 సెంటీమీటర్లు. అంటే మెలి రెట్టింపు. ఇక ఆర్‌బీ67కి మరో గుణం ఉంది. ఇది బెలోస్ కెమెరా. దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేస్తుంటే లెన్సు నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ముందుకి వస్తుంది. లెన్సుతోబాటు బరువూ ముందుకే. అందుకే ఫ్రేము చూసుకుని బిగించినప్పుడు బాగానే ఉన్న కెమెరా, ఫోకస్ చేసేసరికి తల వాల్చేస్తుంది. ఉత్తరం రాసినావిడకి ఎదురైంది ఇదే అయ్యుండొచ్చు.

వెంట్రుకవాసి తేడా

'కాస్త కదిలితే ఏమవుతుంది?' అంటారా? ఈ కెమెరా ఫిల్ము మీద వచ్చే బొమ్మ సుమారు 56 మిల్లీమీటర్ల వెడల్పు, 70 మిల్లీమీటర్ల పొడవు. మామూలు 35 ఎంఎం ఫిల్ము బొమ్మకంటే వైశాల్యంలో నాలుగున్నర రెట్లు పెద్దది. ఇంత బరువు మోసేది ఆ నాలుగున్నర రెట్ల వివరం కోసమే కదా! 127 ఎంఎం లెన్సు పెట్టిన కెమెరా డిగ్రీలో నూరోవంతు కదిలితే ఫిల్ము మీద బొమ్మ 0.022 మిల్లీమీటర్లు జరుగుతుంది. దాన్ని 16 x 20 అంగుళాల ఫొటోగా పెద్దది చేస్తే ఆ మసక కూడా ఏడు రెట్లు పెరిగి 0.16 మిల్లీమీటర్లు అవుతుంది. వెంట్రుక మందం కన్నా ఎక్కువ. చేతిలోకి తీసుకుని చూస్తే కంటికి తెలిసిపోతుంది. స్తంభం మీది చెక్కుడు పని, అమ్మ చీర అంచు, నాన్న కళ్లజోడు ఫ్రేము.. అన్నీ ఉంటాయి, ఏదీ తేటగా ఉండదు.

పైగా ఇల్లు లోపల వెలుతురు తక్కువ. లోతంతా స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చెయ్యాలి. దాంతో షట్టరు అర సెకను, ఒక సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి వస్తుంది. ఆర్‌బీ67లో అద్దం కూడా పెద్దదే. అది పైకి లేచి కొట్టుకున్నప్పుడు కెమెరా అదురుతుంది. సెకనులో ముప్ఫయ్యోవంతు నుంచి ఒక సెకను దాకా ఉన్న వేగాల దగ్గర ఈ అదురు బొమ్మలో బాగా దిగుతుంది. 120 ఫిల్ము రోలుకి ఈ కెమెరాలో వచ్చేవి 10 బొమ్మలే. ఫిల్ము ఖరీదు, కడిగించే ఖర్చు సంగతి అటుంచండి. కూలిన ఇంటిని మళ్లీ తీయలేం.

పది కిలోల మాట నమ్మొచ్చా?

డబ్బా మీద రాసే మోత లెక్కకి అన్ని కంపెనీలూ పాటించే ఒకే పద్ధతి లేదు. ఒకరు నిటారుగా పెట్టి, విరగకుండా ఎంత మోస్తుందో చూసి రాస్తారు. ఇంకొకరు వంచి బిగించి, జారకుండా ఎంత నిలబెడుతుందో చూసి రాస్తారు. ఈ రెండూ ఒకటి కావు. నిటారుగా అయితే కాఫీ డబ్బా కూడా పది కిలోలు మోస్తుంది!

అందుకని అనుభవం మీద తేలిన ఒక మోటు లెక్క పెట్టుకోవచ్చు. పేరున్న కంపెనీ అయితే కెమెరా బరువుకి కనీసం రెట్టింపు రాసి ఉండాలి. అంతగా పేరు తెలియని సరుకైతే మూడు నాలుగు రెట్లు ఉన్నా సరే, అంకెని పక్కన పెట్టి కళ్లతో పరీక్షించాకే డబ్బులివ్వాలి. ఆ పరీక్ష ఎలాగో కింద చెప్పుకుందాం.

మీ కెమెరా పక్కకి పడుకోవాలా?

హెడ్ కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చాలామంది వేసుకోరు. మామూలు కెమెరాతో నిలువు బొమ్మ తీయాలంటే కెమెరానే పక్కకి తిప్పాలి. అప్పుడు హెడ్ మీద మెలి గరిష్ఠంగా ఉంటుందని పైన లెక్క చూశాం. ఆర్‌బీ67తో ఆ బాధ లేదు. పేరులోని 'ఆర్‌బీ'కి అర్థమే తిరిగే వెనక భాగం అని. కెమెరా కదలకుండా కూర్చుంటుంది, వెనకనున్న ఫిల్ము భాగం ఒక్కటే తిరుగుతుంది. అడ్డం నిలువుగా మారిపోతుంది. హాసెల్‌బ్లాడ్ 500 వరసవాటికీ, మామియా సీ330 లాంటి రెండు లెన్సుల కెమెరాలకీ కూడా ఈ బెడద లేదు. వాటిలో బొమ్మ చదరం. అడ్డమూ లేదు, నిలువూ లేదు.

పెంటాక్స్ 67 అలా కాదు. దాన్ని నిలువు బొమ్మకి పక్కకి పడుకోబెట్టాల్సిందే. ఆ కెమెరా ఉన్నవాళ్లు ఇంకా గట్టి హెడ్ చూసుకోవాలి. లేదా 'ఎల్' ఆకారంలో ఉండే లోహపు బ్రాకెట్ బిగించుకుంటే కెమెరాని తీసి నిలువుగా పెట్టుకోవచ్చు. బరువు మళ్లీ కాళ్ల మధ్యకే వస్తుంది.

నాలుగు రకాలు

బాల్ హెడ్: ఒక బంతి, దాన్ని పట్టే గిన్నె, బిగించే మర. త్వరగా పని అవుతుంది, సంచిలో ఇముడుతుంది. అయితే మర వదులు చేసిన క్షణాన కెమెరా ఏ పక్కకైనా ఒరిగిపోవచ్చు. మూడు కిలోల బరువు ఒరిగితే మధ్యలో ఉన్న వేలు నలుగుతుంది. తీసుకోదలిస్తే బంతి వ్యాసం 50 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. చక్రాన్ని ఇరుసు దగ్గర పట్టి ఆపడం కంటే రిమ్ము దగ్గర పట్టి ఆపడం తేలిక కదా! సైకిలు బ్రేకు చేసే పని అదే. బంతి పెద్దదైన కొద్దీ పట్టు కూడా అలాగే పెరుగుతుంది. బిగించే మర కాకుండా, బంతి బిగువు తగ్గించి పెంచే మర విడిగా ఉండాలి. కెమెరా బరువుకి తగ్గట్టు దాన్ని ఒకసారి సర్దుకుంటే చెయ్యి వదిలినా గభాలున పడిపోదు.

త్రీ-వే హెడ్: ముందువెనకలకి ఒక పిడి, పక్కలకి ఒకటి, చుట్టూ తిరగడానికి ఒకటి. ఒక దిశ సర్దుతుంటే మిగతా రెండూ చెక్కు చెదరవు. బరువెక్కువ, పని నిదానం. ఇల్లు తీసేవాళ్లకి ఆ నిదానమే కావాలి. వాకిలి స్తంభాలు నిలువుగా రావాలంటే కెమెరా మట్టంగా ఉండాలి. బాల్ హెడ్‌తో పక్కవాటు సరిచేస్తే ముందువాటు తప్పుతుంది. త్రీ-వేలో ఆ గొడవ లేదు. ఒక ఇబ్బంది చెప్పాలి. ఆర్‌బీ67 ఫైండర్లోకి పైనుంచి తొంగిచూస్తాం కాబట్టి స్టాండుని ఆనుకుని నిలబడతాం. వెనక్కి పొడుచుకొచ్చిన పొడవాటి పిడి పొట్టకి తగులుతుంటుంది. తగిలిన ప్రతిసారీ ఫ్రేము చెడుతుంది. పొట్టి పిడి ఉన్నదో, బిగించాక పిడి విప్పి తీసెయ్యగలిగినదో చూసుకోండి.

గేర్ హెడ్: మర తిప్పితే పళ్లచక్రాల మీద కెమెరా కొద్దికొద్దిగా కదులుతుంది. చెయ్యి తీస్తే ఎక్కడిది అక్కడే. ఫ్రేము కుదిరాక బిగించేటప్పుడు తల వాలడమన్న మాటే ఉండదు. మాన్‌ఫ్రోటో 410, 405 ఈ రకంలో స్టూడియోలవాళ్లకి బాగా తెలిసిన పేర్లు. కంపెనీ లెక్కలో 410 మోత 5 కిలోలు, 405ది 7.5 కిలోలు. ఖరీదెక్కువ. హెడ్ ఒక్కటే కిలోకి పైగా తూగుతుంది. ఊళ్లు తిరిగేవాళ్లకి భారమే గానీ, ఇల్లూ, పురాతన కట్టడాలూ, పాత ఫొటోల కాపీలూ తీసేవాళ్లకి దీన్ని మించింది లేదు.

వీడియో హెడ్: దీన్ని తీసిపారెయ్యకండి. పెళ్లి వీడియోలు తీసిన ఇళ్లల్లో గట్టి వీడియో స్టాండు ఒకటి అటక మీద ఉండనే ఉంటుంది. ఇందులో కెమెరా పైకీ కిందకీ, చుట్టూ తిరుగుతుంది గానీ పక్కకి వాలదు. పక్కకి వాలాల్సిన అవసరం మన ఆర్‌బీ67కి ఎలాగూ లేదు. కాళ్ల పైభాగంలో గిన్నెలాంటి అమరిక, మట్టం చూసే నీటిబుడగ ఉన్న స్టాండయితే ఇంకేం, నిక్షేపంలా పనికొస్తుంది. పైకీ కిందకీ కదిలేదాన్ని బిగించే లాకు బలంగా ఉందా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి. వీడియోకి పుట్టినవి కదలడానికి పుట్టినవి. నిలబడటం వాటికి రెండో పని.

మర, ప్లేటు

హెడ్ ఎంత గట్టిదయినా కెమెరాకీ దానికీ మధ్య ఉండేది ఒక్క మర. కెమెరా అడుగున పట్టే మరలు రెండు కొలతల్లో ఉంటాయి. సన్నది పావు అంగుళం, లావుది అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. లావు రంధ్రంలో సన్నమర పట్టడానికి ఇత్తడి గుల్ల దొరుకుతుంది. అది వదులుగా ఉంటే కెమెరా మొత్తం వదులే. నాణెంతోనో, స్క్రూడ్రైవర్‌తోనో పూర్తిగా బిగించండి.

ఠక్కున తీసి పెట్టుకునే ప్లేటు ఎంత పెద్దదైతే అంత మంచిది. రబ్బరు మందంగా ఉన్న ప్లేటు చేతికి మెత్తగా, ముచ్చటగా ఉంటుంది. బరువు కెమెరా కింద ఆ మెత్తదనమే ఊగుతుంది. ఆర్కా రకం ప్లేట్లు చాలా కంపెనీలు చేస్తాయి. వెడల్పు 38 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నా అందరి కొలతా అచ్చుగుద్దినట్టు ఒకటి కాదు. మీట నొక్కితే పట్టే బిగింపుల్లో ఒకరి ప్లేటు మరొకరి దాంట్లో వదులుగా కూర్చోవచ్చు. మర తిప్పి బిగించే రకం అయితే ఆ తేడాని సర్దుకుంటుంది. బరువు కెమెరాకి అదే క్షేమం.

దుకాణంలో పది నిమిషాలు

కెమెరా వెంట తీసుకెళ్లండి. కుదరకపోతే కనీసం దాని బరువుకి సరిపడా మూడు కిలోల ఉప్పు ప్యాకెట్లు ఒక సంచిలో వేసుకెళ్లి వేలాడదీసి చూడండి. దుకాణదారు నవ్వినా ఫరవాలేదు.

ఒకటి: కెమెరాని 30 డిగ్రీలు ముందుకి వంచి, ఫైండర్లో ఏదో ఒక గుర్తు నడిమధ్యకి తెచ్చి బిగించండి. చెయ్యి తీశాక గుర్తు జరిగిందా? కాస్త జరిగి ఆగిపోతే భరించొచ్చు. రెండు నిమిషాల తరవాత కూడా జరుగుతూనే ఉంటే ఆ హెడ్ వద్దు.

రెండు: లెన్సు కొసని వేలితో తట్టండి. ఫైండర్లో బొమ్మ వణికి ఎంతసేపటికి నిలుస్తుందో చూడండి. ఒకటి రెండు సెకన్లలో నిలవాలి. గుడిగంటలా మోగుతూ ఉంటే తప్పు హెడ్‌దా కాళ్లదా అన్నది తేల్చుకోవాలి. అదే హెడ్‌ని వేరే గట్టి స్టాండు మీద పెట్టించి చూస్తే తెలిసిపోతుంది.

మూడు: అంతా బిగించాక కెమెరాని రెండు చేతులతో పట్టి కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పబోండి. ప్లేటు మీద కెమెరా తిరిగినా, కాళ్ల మీద హెడ్ తిరిగినా పనికిరాదు.

నాలుగు: మరల తలలు పట్టి చూడండి. చేతికి చెమట పట్టినా జారకుండా బిగించగలగాలి. గోదావరి జిల్లాల ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు.

పాత సరుకు కొంటున్నారా? మంచి ఆలోచనే. బరువైన లోహపు హెడ్లు తేలిగ్గా పాడవవు. బంతి మీద లోతు గీతలు, విరిగి అతికించిన పిడులు, పోయిన ప్లేటు.. ఈ మూడూ చూసుకోండి. పాత మోడల్‌కి ప్లేటు దొరకదంటే హెడ్ చవగ్గా వచ్చినా లాభం లేదు. బంతి గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె, మిషను నూనె పొయ్యకండి. పట్టుకోవాల్సినదాన్ని జారేలా చేసినట్టవుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇంటికొచ్చాక

హెడ్ సగం పని చేస్తుంది. మిగతా సగం మన చేతుల్లో ఉంది. పైనుంచి చూసే ఫైండరు కాబట్టి స్టాండుని కంటి ఎత్తుకి లేపక్కర్లేదు. ఛాతీ ఎత్తు చాలు. మధ్య కడ్డీని పైకి లాగకండి. అది స్టాండు మీద నిలబెట్టిన ఒంటికాలు. కాళ్ల మధ్య ఇసుక సంచి కట్టండి, ఊగకుండా నేలకి కొద్దిగా ఆనేట్టు. ఆర్‌బీ67 లెన్సు పక్కనున్న చిన్న మరని 'ఎన్' నుంచి 'ఎం'కి తిప్పి కేబుల్ రిలీజ్ బిగించండి. అప్పుడు కెమెరా మీట నొక్కితే అద్దం ఒక్కటే లేస్తుంది. నాలుగైదు సెకన్లు ఆగి కేబుల్ నొక్కితే షట్టరు పడుతుంది. లెన్సులోనే ఉండే ఆ షట్టరు అదురు చాలా తక్కువ. ఒక్క పైసా ఖర్చులేని ఈ అలవాటు చాలా ఖరీదైన హెడ్‌తో సమానం.

ఇంత చెప్పాక ఉత్తరం రాసినావిడకి సూటిగా జవాబు చెప్పాలి. పది కిలోల బాల్ హెడ్‌ని పైన చెప్పిన పరీక్షలు పెట్టకుండా కొనకండి. మీరు తీయబోయేది స్తంభాలు, దూలాలు, గుమ్మాలు. కాబట్టి లోహంతో చేసిన గట్టి త్రీ-వే హెడ్ పాతదయినా సరే మీకు సరైనది. చేతిలో డబ్బుంటే గేర్ హెడ్. ఏదీ కొనలేని పరిస్థితి అయితే తెలిసిన వీడియోగ్రాఫర్ని అడిగి వారం రోజులకి గట్టి వీడియో స్టాండు అరువు తెచ్చుకోండి. నాన్నగారి స్టూడియోలో బరువైన ఇనప స్టాండు ఏదైనా మిగిలి ఉందేమో ఆయన్నే అడగండి. చక్రాలు కదలకుండా ఇటుకలు అడ్డం పెడితే అదీ పనికొస్తుంది. హైదరాబాదు సంస్థానంలో రాజా దీన్ దయాళ్ 1905కి ముందే తీసిపెట్టిన గాజు ప్లేట్లు ఇవాళ్టికీ అంత తేటగా ఉండటంలో ఆయన చేతితో పాటు బరువైన స్టాండుకీ వాటా ఉంది.

ఒక్క షరతు. ఏ హెడ్ తెచ్చినా సరే, ఇంటి మీదికి నేరుగా వెళ్లకండి. ముందు ఒక రోలు పరీక్షకి వదులుకోండి. ఈ పేజీనే గోడకి అంటించి, రెండు మీటర్ల దూరంలో కెమెరా పెట్టి, సెకనులో ఎనిమిదోవంతు వేగంతో ఐదు బొమ్మలు అద్దం మామూలుగా ఉంచి, ఐదు అద్దం ముందే లేపి తీయండి. కడిగించి భూతద్దం కింద పక్కపక్కన పెట్టండి. పదింటిలోనూ అక్షరాలు ఒకేలా ఉంటే మీ హెడ్ నిలబడినట్టే. మొదటి ఐదూ మసకగా, తరవాతి ఐదూ తేటగా ఉంటే అద్దం లేపకుండా ఒక్క బొమ్మ కూడా తీయొద్దని అర్థం. పదీ మసకైతే లోపం ఫోకస్‌లో ఉందా, కాళ్లలో ఉందా, హెడ్‌లో ఉందా అన్నది నాన్నగారితో కూర్చుని తేల్చుకోండి. ఆయనకంటే ఆ కెమెరా సంగతి తెలిసినవాళ్లు ఎవరుంటారు?